శ్రీ షుగర్ చూర్ణం డబ్బా గారికి

మహాశయా,

పోయిన ఆదివారం వనస్థలిపురంలో మా కాలనీ కమ్యూనిటీ హాలుకు తమరు దయచేసి, మధ్యాహ్నమంతా మమ్మల్ని కుర్చీల్లో కూలేసి ధన్యుల్ని చేశారు. ఉచిత షుగర్ పరీక్ష కదా అని జనం భోంచేసి వచ్చారు. వచ్చినవాళ్ల చేతిలో ముందుగా ఓ కప్పు చక్కెర టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. అవి తిన్నాక వేలికి సూది గుచ్చారు. ఇంకేం, 240, 260 అని తెల్లకోటు అబ్బాయి పైకి చదువుతుంటే హాలంతా నిట్టూర్పులు. తమరి మర్యాదలో ఇంత ముందుచూపు!

తర్వాత గారడీ. చిటికెడు చూర్ణం నాలుక మీద వేసి చప్పరించమన్నారు. వెంటనే చెంచాడు పంచదార పెట్టారు. నిజంగానే ఇసుక నమిలినట్టుంది. "చూశారా అమ్మా, చిటికెడుకే షుగర్ చచ్చిపోయింది!" ఒకటే చప్పట్లు. అది పొడపత్రి పని. ఆ ఆకు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసేస్తుంది, అరగంటో గంటో గడిస్తే మళ్లీ మామూలే. చచ్చిపోయిందన్న ఆ పంచదార మాత్రం గొంతు దిగి నిక్షేపంగా రక్తంలో కలిసింది. హాలునిండా షుగర్ పేషెంట్లను కూర్చోబెట్టి, చెంచాడేసి పంచదార తినిపించి, పైగా చప్పట్లు కొట్టించుకున్న ఘనత తమరిదే.

తమరి బంధువర్గం మీద నాకంత కక్ష లేదు. కేబీఆర్ పార్కు బయట పొద్దున్నే దొరికే కాకర రసం, పచారీ కొట్లో నేరేడు గింజల పొడి, మా బాబాయి కనపడిన వాళ్లందరికీ కుండీతో సహా అంటగట్టే ఇన్సులిన్ మొక్క... అందరూ బతకాలి. మెంతులైతే ఇంటి మనుషులే. వాటి పీచు తిన్న తిండిలోని చక్కెర రక్తంలోకి ఎక్కడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. పాపం, పోపుల పెట్టెలో కూర్చుని అవి ఏనాడూ తమరిలా 90 రోజుల కోర్సు అనలేదు. షుగర్‌ను రానివ్వదని చెప్పుకునే విటమిన్ డి గారి సంగతి 2019లో తేలింది. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 2,423 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చి చూస్తే, షుగర్ రాకుండా ఆపడంలో లెక్కకు నిలిచే తేడా కనబడలేదు. సరే, పోనీ.

నా పేచీ తమరితోనే. మైకు ముందు తమరు ఒకటి, లేబుల్ మీద ఇంకొకటి. మైకులో "షుగర్‌ను వేళ్లతో సహా పీకేస్తాం, జన్మలో మళ్లీ మాత్ర ముట్టక్కర్లేదు." డబ్బా తిప్పి చూస్తే, బ్యాచ్ నంబరు కింద, కంటికి ఆనని ఇంగ్లీషు అక్షరాల్లో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్." మందుగా వాడకూడదట! ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో తమరు ఆహారం. అంటే అమ్ముడుపోయేటప్పుడు మందు, రుజువులు అడిగేటప్పుడు తిండి. షుగర్ నయం చేస్తామని ప్రకటించుకోకూడదని 1954లోనే డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం వచ్చింది, దాని జాబితాలో డయాబెటిస్ పేరూ ఉంది. మా కమ్యూనిటీ హాలు దాకా రావడానికి ఆ చట్టానికి ఇంకా బస్సు దొరికినట్టు లేదు.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. వచ్చినా ఆ అక్షరాలు ఆమె కళ్లజోడుకు అందవు. ఆమెకు చేరింది మైకు ఒక్కటే. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి తల్లీ" అన్న మాట చేరింది. పక్కింటావిడ "తీసుకో వదినా, మా అన్నకు మంచిగ తగ్గిందంట" అన్నది చేరింది. 9,000 కొట్టేసి పెన్నుతో 5,400 అని రాసిన మూడు డబ్బాల అట్టపెట్టె ఇంటికి చేరింది. ఆ రాత్రి నుంచే అమ్మ వేసుకునే షుగర్ మాత్ర, మెట్‌ఫార్మిన్, ఆగిపోయింది.

ఆ తెల్లకోటుకు ఎవరైనా చెప్పండయ్యా, కిడ్నీలను తినేది అదుపు తప్పిన షుగరని. మూలికలంటే అంత ప్రేమ ఉంటే, మెట్‌ఫార్మిన్ కథ కూడా గలీగా అనే మొక్క దగ్గరే మొదలైందని చెప్పండి. 1957లో ఫ్రాన్స్‌లో దాన్ని షుగర్‌కు వాడటం మొదలుపెట్టారు. అప్పటి నుంచీ పరీక్షలకు నిలబడుతూనే ఉంది, లోపాలు కూడా దాచుకోకుండా. ఏళ్ల తరబడి వేసుకుంటే కొందరిలో విటమిన్ బి12 తగ్గుతుంది. దానివల్ల అరికాళ్లు తిమ్మిరెక్కినా షుగర్ వల్లేలే అని ఊరుకుంటాం. అప్పుడప్పుడూ బి12 పరీక్ష చేయించుకోండి అన్న ముక్క ఆ మైకులో ఒక్కసారైనా వస్తే కాస్త పుణ్యమైనా దక్కేది. ఎందుకొస్తుంది? బి12 మాత్ర చవక!

నిన్న పొద్దున అమ్మకు పరగడుపున 238. డబ్బా మీది నంబరుకు ఫోన్ చేశాను. "కంగారు పడకండి మేడం, లోపలి విషం బయటికి వస్తోంది. 90 రోజులు ఆగండి" అంది ఓ తీయని గొంతు. అంటే, పెరిగితే పనిచేస్తున్నట్టు, తగ్గితే పనిచేసినట్టు. ఇక తమరూ లేదు, మహాశయా లేదు. ఒరే డబ్బా, ఎప్పుడైనా ఓడిపోయే ఆట ఆడావురా నువ్వు? ఆ మూడు నెలలూ షుగర్ దిగకపోతే కళ్లు, కిడ్నీలు, కాలి నరాలు దెబ్బతినేది మా అమ్మవి. నీ డబ్బులు నీకు మొదటిరోజే ముట్టాయి. ఎదురింటి పిన్నిగారు నిన్నూ వేసుకుంటోంది, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రా వేసుకుంటోంది. డాక్టరుకు చెప్పొద్దని మీవాళ్లే అన్నారట. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోయి, అర్ధరాత్రి ఆవిడ చెమటలు పట్టి వణుకుతుంటే ఆ తీయని గొంతు ఫోనెత్తుతుందా?

వాపసు తీసుకోమంటే సీల్ తీసిన డబ్బా తీసుకోరట. డాక్టరుతో మాట్లాడి అమ్మకు మాత్రలు మళ్లీ మొదలుపెట్టించాను. వచ్చే ఆదివారం హయత్‌నగర్‌లో నీ శిబిరం ఉందని కరపత్రం చూశాను. నేనూ వస్తున్నాను. పంచదార నాకొద్దు. ఒక్క నిమిషం ఆ మైకు ఇప్పించు చాలు, నీ లేబుల్ నేను తెలుగులో చదువుతాను.

ఇట్లు,
ఓ మెట్‌ఫార్మిన్ అమ్మ కూతురు