లేని కిటికీల కాపలా

మా ఇంట్లో లేని నాలుగు కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయని ఒక డబ్బా నాతో రెండు రోజులు వాదించింది.

డబ్బా అంటే దొంగల అలారం. విజయనగరంలో దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, అంటే పైడితల్లి అమ్మవారి జాతర. ఆ పూట ఊళ్ళో ఇంటిపట్టున ఉండేవాడు ఉండడు. మోకాళ్ళు పనిచెయ్యనివాళ్ళు కూడా ఎవరో ఒకరి మేడ మీదికి చేరిపోతారు. ఈ సంగతి మాకు ఎంత తెలుసో దొంగలకీ అంతే తెలుసునని హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి అనుమానం. "నాన్నా, తాళంకప్పల రోజులు పోయాయి" అంటూ ఎనిమిది జోన్ల ప్యానెల్ ఒకటి పార్సిల్ చేశాడు. జోన్ అంటే కాపలా కాయాల్సిన ఒక చోటు. 1713లో కోట కట్టిన విజయరామరాజు గారు రెండు పెద్ద గుమ్మాలతో సరిపెట్టుకున్నారు. తోటపాలెంలో నా మూడు గదుల డాబాకి మాత్రం ఎనిమిది చోట్ల కాపలా.

ఆదివారం బిగించడానికి వచ్చిన కుర్రాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడే. చదివాడు అనడం కన్నా, పక్కవాళ్ళ హాజరు పలికాడు అంటే సరిగ్గా ఉంటుంది. నేను రిజిస్టరు మీద నుంచి తలెత్తకుండా పిలుస్తుంటే మూడు గొంతుకలతో ముగ్గురికి "ప్రెజెంట్ సార్" చెప్పేవాడు. ఇప్పుడు బుద్ధిగా మెట్ల కింద డబ్బా బిగించి, వీధి తలుపుకీ, పెరటి తలుపుకీ, మేడమెట్ల తలుపుకీ అయస్కాంతం స్విచ్చీలు పెట్టి, హాల్లో మనిషి కదిలితే పసిగట్టే సెన్సార్ ఒకటి తగిలించాడు.

"నాలుగయినాయి మాస్టారూ. ఇంక నాలుగు ఖాళీ. వాటికి చివర్లు పెట్టాల, రేపొచ్చి చూసీనాను" అని సాలూరులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళిపోయాడు. దసరా వారంలో సాలూరు పెళ్ళికి వెళ్ళినవాడు 'రేపు' అన్నాడంటే దాని అర్థం నాకు తెలుసు. తెలిసి కూడా నమ్మాను.

సాయంత్రం గుడికి వెళ్తూ అలారం వేద్దామని కీప్యాడ్ నొక్కాను. అది కూసింది. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది నంబర్ల దగ్గర ఎర్రదీపాలు వెలిగాయి. అంటే ఆ నాలుగు చోట్లా ఏదో తెరిచి ఉంది, అది మూస్తే తప్ప కాపలా కాయను అని. ఏది తెరిచి ఉంది? అక్కడ తలుపూ లేదు, కిటికీ లేదు, తీగే లేదు. "లేనిదాన్ని ఎలా మూస్తామండీ?" అంది మా ఆవిడ. వేదాంతంలో ఈ ప్రశ్నకి జవాబు ఉంటే ఉండొచ్చు గానీ ప్యానెల్‌తో వచ్చిన పుస్తకంలో దొరకలేదు.

కుర్రాడికి ఫోన్ చేశాను. అవతల బ్యాండుమేళం.

"బైపాస్ చేసీండి మాస్టారూ!" అంటే ఆ జోన్లని ఈసారికి వదిలెయ్యమని డబ్బాకి చెప్పడం.

"నాలుగింటికీ బైపాసా?" అని నేను అరవక తప్పలేదు, మేళం అలా ఉంది.

"నాలుగింటికీ! ఈ పూటకి గండం గడిచిపోద్ది!"

పెరటి గోడ అవతల పక్కింటి పిన్నిగారు వడియాలు తీస్తున్నారు. నా గొంతు ముప్పై రెండేళ్ళు అరవై మంది పిల్లల మీద సానబట్టిన గొంతు. మేము గుడి నుంచి వచ్చేసరికి వరండాలో ఇద్దరు బత్తాయిలతో కూర్చుని ఉన్నారు. ఎదురింట్లో రిటైరయిన లైన్‌మన్ గారు నా చెయ్యి పట్టుకుని, "ఏటి మాస్టారూ, నాలుగు బైపాస్‌లంట! మరి ఇలాగ నడిచీస్తన్నారేటి?" అన్నారు. ఈలోగా బొబ్బిలి నుంచి మా అప్ప ఫోను, ఏడుపు. బావగారు కారు మాట్లాడేశారట. 1757 నాటి యుద్ధం తర్వాత బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య అంత హడావిడి జరిగి ఉండదు. నా గుండె నిక్షేపంలా ఉందనీ, బైపాస్ డబ్బాకనీ అందరికీ నచ్చజెప్పేసరికి రాత్రి పది. బత్తాయిలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకెళ్ళలేదు.

ఆ బైపాస్‌లో ఇంకో తిరకాసు ఉంది. అది ఒక్కసారికే. ఇంటికొచ్చి అలారం తీశామా, పోయింది. మళ్ళీ వేసేటప్పుడు నాలుగు నంబర్లూ మళ్ళీ నొక్కాలి. మా ఆవిడ ఒక్కమాటలో తేల్చేసింది: "పాలప్యాకెట్టుకి వెళ్ళడానికి ఇన్ని మీటలు నొక్కాలంటే దొంగే నయం."

సోమవారం తొలేళ్ళు, అంటే సిరిమానుకి ముందురోజు పండగ. పొద్దున్నే ఫోన్ చేస్తే కుర్రాడు అసలు సంగతి చెప్పాడు. ప్రోగ్రాంలోనే ఆ జోన్లు వాడటం లేదని రాసెయ్యొచ్చుట, కానీ దానికి అతని కోడ్ కావాలి, అతను రావాలి. లేదంటే ఒక్కో ఖాళీ జోన్‌కీ ఒక రెసిస్టర్, అంటే కరెంటుని కాస్త అడ్డుకునే బుల్లి ముక్క, తగిలించాలి. "కవర్లో ఏసి డబ్బా మీదే పెట్టినాను మాస్టారూ, చూడండి."

చూశాను. లేదు. పండగ దులుపుళ్ళలో పోయింది. "చిన్న చిన్నవి, కాళ్ళున్నవి, చారలున్నవి... అవా? పురుగులనుకున్నానండీ" అంది మా ఆవిడ.

రెసిస్టర్ ఎందుకో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నాకు చెప్పకుండా ఉండటం చేతకాదు. ప్యానెల్ ప్రతి జోన్ తీగలోకీ కాస్త కరెంటు పంపి చూస్తుంది. తీగ చివర 5.6 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే ఇంత కరెంటు వెళ్ళాలని దానికో లెక్క. దొంగ తీగ కోస్తే కరెంటు అసలు వెళ్ళదు. తెలివిమీరి రెండు తీగలూ కలిపేస్తే మరీ ఎక్కువ వెళ్తుంది. రెండూ తప్పే. లెక్కకి సరిపోతేనే దీపం ఆరుతుంది. అంటే ఇది హాజరు పట్టీ. ఎనిమిది పేర్లు రాసి ఉన్నాయి, ప్యానెల్ ఎనిమిదీ పిలుస్తుంది. బడిలో చేరనే చేరని నలుగురి పేర్లు పిలిచి జవాబు రాకపోతే గోల పెడుతోంది. వాళ్ళ తరఫున "ప్రెజెంట్ సార్" అనడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ పలికేవాడే రెసిస్టర్. ముప్పై రెండేళ్ళు దొంగ హాజరీల్ని బెత్తంతో పట్టుకున్న నేను, పండగపూట నాలుగు దొంగ హాజరీలు కొనడానికి సంచీ పట్టుకుని బయల్దేరాల్సి వచ్చింది.

బయల్దేరేలోగా లైన్‌మన్ గారు వచ్చారు. "రెసిస్టర్ లేదు, గిసిస్టర్ లేదు. తీగముక్క పెట్టి షార్ట్ చేసీండి. నలభై ఏళ్ళు చేసినాం." ఆయన చేసింది పదకొండు వేల వోల్టుల లైన్ల మీద, నాది పన్నెండు వోల్టుల డబ్బా, ఎదురు చెప్పడం మర్యాద కాదనిపించింది. డబ్బా మూత మరలు విప్పి పైకెత్తాను.

మూత కింద ఒక బుల్లి మీట ఉంటుంది. మూత ఎత్తగానే అది పైకి లేస్తుంది. అలారం వేసి ఉన్నా, లేకపోయినా డబ్బా మీద ఎవరో చెయ్యేశారని సైరన్‌కి కబురు వెళ్తుంది. ఈ ముక్క పుస్తకంలో మొదటి పేజీలోనే ఉందని తర్వాత చూశాను.

ఆ సైరన్ వరండా చూరు కింద ఉంది. వీధంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చేసింది. తొలేళ్ళకి వచ్చిన చుట్టాలు కూడా వచ్చారు. లైన్‌మన్ గారు మెరుపులా వెళ్ళి మెయిన్ ఆపేశారు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది, సైరన్ ఆగలేదు. దాని పొట్టలో బ్యాటరీ ఉంది, కరెంటు పోతేనే కదా దొంగలొచ్చేది. కోడ్ నొక్కమన్నారెవరో. కోడ్ మా పెళ్ళిరోజు. 1305 నొక్కాను. తప్పు. మళ్ళీ నొక్కాను. తప్పు. ఇంక చేతికి అందిన తీగలన్నీ పీకేశాను. సైరన్ తీగా, కీప్యాడ్ తీగా తప్ప అన్నీ ఊడాయి.

"తేదీ ఎంత నొక్కారు?" అంది మా ఆవిడ, వంటింట్లోంచి తాపీగా వస్తూ.

"పదమూడు."

"ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఒంటిగంట నలభైకండీ. పద్నాలుగు."

శుభలేఖలో పదమూడు రాత్రి తెల్లవారితే పద్నాలుగు అని వేశారు. నేను శుభలేఖ మొదటి సగం గుర్తుపెట్టుకున్నాను, ఆవిడ రెండో సగం. అన్నేళ్ళుగా ఎవరి రోజున వాళ్ళం తలస్నానం చేస్తున్నాం గనక ఈ తేడా బయటపడలేదు. వీధి మొత్తం చూస్తుండగా ఆవిడ వచ్చి 1405 నొక్కింది. నిశ్శబ్దం. "పెళ్ళిరోజు మర్చిపోయారంట" అని వెనకనుంచి ఎవరో ఎవరికో చెప్పడం స్పష్టంగా వినిపించింది.

మూత గోడకి చేరవేసి, పీకిన తీగలన్నీ రంగులు చూసుకుంటూ మళ్ళీ బిగించాను. చివరికి రెండు తీగలు మిగిలాయి. గడియారం విప్పి బిగించినవాడికి ఒక మర మిగిలితే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ ఈ కేబుల్లో నాలుగేసి తీగలుంటాయి, తలుపుకి రెండే వాడి మిగతావి ఊరికే వదిలేస్తారు, అలా వదిలేసినవి అక్కడ అరడజను పైనే ఉన్నాయి. ఇవీ వాటి జట్టే అనుకుని మడిచి పక్కకి తోశాను. లైన్‌మన్ గారి తీగముక్కలు కూడా పెట్టి చూశాను. ఎర్రదీపాలు ఆరలేదు, నా లెక్క ప్రకారం ఆరకూడదు కూడా. నేను చెప్పిన పాఠం నిజమైనందుకు కాస్త సంతోషం వేసిందంటే నన్ను తప్పుపట్టకండి.

గంటస్తంభం దగ్గర్నుంచి మూడు లాంతర్ల కూడలి వైపు జనంలో ఈదుకుంటూ వెళ్ళి, రేడియో సామాన్ల కొట్లో అయిదు పాయింట్ ఆరు కిలో ఓమ్‌లు పది అడిగాను. కొట్టు నిండా సీరియల్ సెట్ల బేరాలు. నా పది రూపాయల బేరానికి ఆయన డబ్బా ముందుకి తోసి, ఏరుకోమన్నాడు. ఏరుకున్నాను. రెసిస్టర్ మీది చారల రంగుల్ని బట్టే దాని విలువ, ఆ లెక్క నాకు రాదా? బి.బి. రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ హాడ్ ఎ వెరీ గుడ్ వైఫ్ అని, రంగుల వరస గుర్తుండేలా, ఎన్ని బ్యాచ్‌లకి వల్లె వేయించాను! ఆకుపచ్చ అయిదు, నీలం ఆరు, ఎరుపంటే రెండు సున్నాలు. ఇంటికొచ్చి నాలుగూ బిగించాను. నాలుగు దీపాలూ అలాగే వెలుగుతున్నాయి.

మా మనవరాలు, ఆరో తరగతి, ఒకటి అరచేతిలో పెట్టుకుని చూసింది. "తాతయ్యా, ఇది ఎరుపు కాదు, నారింజ."

నారింజ అంటే మూడు సున్నాలు. 56 కిలో ఓమ్‌లు. పదింతలు. ప్యానెల్ లెక్కలో అది తెగిన తీగ కిందే జమ. శుక్లాలకి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు గారు చెప్పి ఏడాదయింది. మళ్ళీ మూడు లాంతర్లు, మళ్ళీ జనం, ఈసారి మనవరాల్ని వెంటబెట్టుకుని. అదే ఏరింది. కొట్టాయన నా వంక జాలిగా చూసి డబ్బులు వద్దన్నాడు.

రాత్రికి అయిదు ఆరింది. ఆరు ఆరింది. ఏడు, ఎనిమిది. రెండో నంబరు మాత్రం వెలుగుతోంది.

"దానికీ ఒకటి పెట్టేస్తే పోలే" అన్నాను.

"ఖాళీవి నాలుగే కదా తాతయ్యా?"

అప్పటికి మధ్యాహ్నం నుంచి నాకు కాఫీ పడలేదు. అయిదో రెసిస్టర్ తీసి రెండో నంబరు దగ్గర బిగించాను. అదీ ఆరింది. పచ్చదీపం వెలిగింది. మూత పెట్టి నాలుగు మరలూ బిగించి, ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను.

మంగళవారం మధ్యాహ్నం 1405 నొక్కి, వీధి తలుపు తాళం వేసి, అందరం కోట వైపు వెళ్ళాం. ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, బెస్తవారి వల, వాటి వెనక ఆకాశంలో ఊగుతూ సిరిమాను, చివర కూర్చున్న పూజారి గారు, కిందనుంచి జనం విసిరే అరటిపళ్ళు. ఎన్నేళ్ళుగా చూస్తున్నానో లెక్కలేదు, ఆ మాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతున్నంతసేపూ ఏ ఏడూ ఇల్లు గుర్తురాకుండా ఉండదు. ఈసారి మాత్రం రాలేదు. పక్కనున్నాయనకి ఓమ్ నియమం కూడా కొంత చెప్పాను.

చీకటి పడుతుండగా చినుకులు మొదలైతే ఇంటికొచ్చాం. వీధి తలుపు తాళం వేసినట్టే ఉంది. ప్యానెల్ మీద పచ్చదీపం నిండుగా వెలుగుతోంది. కోడ్ కొట్టాను, కుయ్యి మనలేదు, ఎంత మర్యాద! గర్వంగా వంటింట్లోకి నడిచాను.

గట్టు మీద మా ఇంటి బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. పక్కన పళ్ళెంలో మేం దండెం కింద ఎండబెట్టిన మిరపకాయలు. స్టూలు మీద పక్కింటి పిన్నిగారు కూర్చుని మా గ్లాసులో కాఫీ తాగుతున్నారు. మోకాళ్ళ నొప్పులని ఆవిడ సిరిమానుకి రాలేదు.

"వచ్చీసినారా? మీ పెరటి తలుపు బార్లా తీసీసుంది బాబూ. వానొస్తాదని బట్టలు తీసి లోపలెట్టినాను. ఓ గంట కూర్చున్నాను, ఎవులూ లేకుండా ఇల్లొదిలీలేను కదా." కాఫీ ఒక గుక్క తాగి డబ్బా వైపు చూశారు. "అదేటి, దొంగలొస్తే అరుస్తాదన్నారు?"

పెరటి తలుపు రెండో నంబరు.

తలుపు గాలికి కొట్టుకుంటోంది. దాని రెండు తీగలూ మెట్ల కింద డబ్బాలో మడతపెట్టి ఉన్నాయి. వాటి స్థానంలో నిలబడి అయిదో రెసిస్టర్ మాత్రం, నేను తొమ్మిదో తరగతిలో విన్న అదే గొంతుతో, ప్రెజెంట్ సార్, ప్రెజెంట్ సార్ అంటూనే ఉంది.