మణికట్టు చెప్పే నిద్ర లెక్క

రాత్రి నిద్ర బాగా పట్టిందా అని ఇంట్లోవాళ్లు అడిగితే, జవాబు చెప్పే ముందు మణికట్టు వైపు చూసుకునేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. నిద్ర స్కోరు వందకు 64 అని స్మార్ట్ వాచీ చూపించగానే, అప్పటిదాకా హుషారుగా ఉన్న మనిషికి ఒళ్లు బరువెక్కినట్టు అనిపిస్తుంది. ఆ 64 ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎవరూ ఆరా తీయరు.

ఈ వాచీలు, బ్యాండ్లు ప్రధానంగా కొలిచేది కదలికను, నాడిని. లోపలి యాక్సెలరోమీటర్ చేయి ఎటు ఎంత కదిలిందో పసిగడుతుంది. వెనకవైపు వెలిగే ఆకుపచ్చ కాంతిలో కొంత భాగాన్ని రక్తం పీల్చుకోగా మిగిలింది సెన్సరుకు తిరిగి చేరుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ కాంతిలో వచ్చే హెచ్చుతగ్గులే నాడి లెక్క. ఖర్చయిన కేలరీలు, నిద్ర దశలు, ఒత్తిడి వంటివి చాలావరకు వీటి మీద కట్టిన అంచనాలు. తెర మీద మాత్రం కొలతా అంచనా ఒకే రకం అంకెల్లో, ఒకే ధీమాతో కనిపిస్తాయి. నా అభ్యంతరమల్లా అక్కడే.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు పరికరాలను 60 మందిపై పరీక్షించినప్పుడు, గుండె వేగం విషయంలో ఆరు పరికరాలు 5 శాతం లోపు తేడాతో నెగ్గుకొచ్చాయి. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అధ్వానమైనది 93 శాతం తప్పింది.

అడుగుల లెక్క కొంత నయం, అదీ చేయి ఊపుతూ నడిస్తేనే. భజనలో గంటసేపు చప్పట్లు కొట్టిన మా పెద్దమ్మ కూర్చున్నచోటే వందల అడుగులు వేసినట్టు బ్యాండు చూపించింది. చంకన బిందె పట్టుకుని నడిచిన దూరాన్ని సగం మింగేసింది. ఇక రోజుకు పదివేల అడుగులన్న గీటురాయి ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోనే ఆ అంకె ఉంది. సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికా మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. దాదాపు 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు.

నిద్ర సంగతి ఇంతకన్నా చిక్కు. గాఢనిద్ర, కలల నిద్ర అన్న విభజనకు ఆధారం మెదడు తరంగాలు. నిద్ర ప్రయోగశాలలో తలకు ఎలక్ట్రోడ్లు అతికించి, కంటి కదలికలను, గడ్డం కండరాల బిగువును కూడా నమోదు చేశాకే ఏది ఏ దశో తేలుస్తారు. మణికట్టుకు మెదడు తరంగాలు అందవు కాబట్టి, నాడి నెమ్మదించడాన్ని, శరీరం కదలకపోవడాన్ని బట్టి వాచీ ఊహిస్తుంది. నిద్రపోతున్న మనిషిని చాలావరకు సరిగానే గుర్తుపడుతుంది. మెలకువతో పడుకున్న మనిషి దగ్గర బోల్తా పడుతుంది. మే నెల రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే, కదిలితే పిల్లాడు లేస్తాడని చీకట్లో కళ్లు తెరుచుకుని బిగదీసుకు పడుకున్న తల్లికి ఆ గంట కూడా నిద్ర ఖాతాలోకే పోవచ్చు.

స్కోరు కోసం పాకులాడి ఉన్న నిద్ర పాడుచేసుకునే ధోరణికి 2017లో అమెరికా పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరే పెట్టారు. అందుకు విరుగుడుగా వాచీ తీసి పారేయమని నేననను. ఒక రాత్రి అంకెను పక్కనపెట్టి, ఎన్నింటికి పడుకుంటున్నాం, ఎన్నింటికి లేస్తున్నాం అన్నది నెల పొడవునా చూసుకుంటే అది పనికొచ్చే సమాచారమే.

నాకు అంతకన్నా భయం మంచి స్కోరు చూసి నిశ్చింతగా ఉండేవారి గురించి. గట్టిగా గురక పెడుతూ, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడే మనిషి వాచీ 90 చూపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్నల్లో ఒకటి పక్కన పడుకునేవారికే వేస్తారు: గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఎప్పుడైనా అనిపించిందా అని.