జర్క్ కొట్టిన ప్రతిసారీ వేడి మీదే నెపమా?

"గేమ్ ఆగి ఆగి నడుస్తోందా? సీపీయూ వేడెక్కినట్టే. 80 డిగ్రీలు దాటితే చిప్‌కి ప్రమాదం. థర్మల్ పేస్ట్ మార్చి, సైడ్ ప్యానెల్ తీసేసి ఆడండి." పీసీలో గేమ్‌లు ఆడేవాళ్ల రీల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఈ సలహా తెగ తిరుగుతోంది. థర్మల్ పేస్ట్ అంటే చిప్‌కీ కూలర్‌కీ మధ్య పూసే, వేడిని దాటించే ముద్ద. దీన్ని నమ్మి బాగున్న కూలర్ పక్కన పడేసి కొత్తది కొంటున్నవాళ్లున్నారు. జర్క్ మాత్రం అలాగే ఉంటోంది.

ముందు ఆ 80 సంగతి. ఈ గీత ఎవరు గీశారో గానీ, చిప్ తయారుచేసినవాళ్లు మాత్రం కాదు. ఇంటెల్ 12, 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి పరిమితి 100 డిగ్రీలు. 2022లో వచ్చిన రైజెన్ 7000 సిరీస్‌లో పెద్ద చిప్‌లు పూర్తి లోడ్ మీద 95 దాకా వెళ్లి అక్కడే నిలబడేలా ఏఎండీయే రూపొందించింది. అదే సిరీస్‌లోని 7800ఎక్స్3డీకి పరిమితి 89. తన పరిమితిని తాకితే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

పైగా మన ఎండల్ని ఆ సలహా లెక్కలోకే తీసుకోదు. గాలితో పనిచేసే ఏ కూలరూ చిప్‌ని గది కంటే చల్లబరచలేదు. 24 డిగ్రీల ఏసీ గదిలో 68 చూపించే మెషీన్, మే నెలలో విజయవాడలో 39 డిగ్రీల గదిలో అదే గేమ్‌కి దాదాపు 83 చూపిస్తుంది. అది జబ్బు కాదు, కూడిక.

ఇక జర్క్ అంటే వేడేనన్న మాట. వేడి వల్ల వేగం తగ్గితే మామూలుగా ఆట మొదలెట్టిన కాసేపటికి ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీదికొచ్చే ఫ్రేములు) పడిపోయి, కిందే ఉండిపోతుంది. లేదా పడుతూ లేస్తూ ఉంటుంది. ఒక్క క్షణం ఆగి మళ్లీ హాయిగా నడిచే జర్క్ వేరే రకం. 60 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ఒక్క ఫ్రేముకు 80 మిల్లీసెకన్లు పట్టినా కన్ను పట్టేస్తుంది, సగటు ఎఫ్‌పీఎస్ అంకె మాత్రం దాచేస్తుంది. అందుకే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రివాట్యూనర్‌లో ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ (ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయం), దాని పక్కనే సీపీయూ, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) క్లాక్‌లు, అంటే అవి నడిచే వేగాలు, పెట్టుకుని ఆడండి. జర్క్ పడినప్పుడు క్లాక్ పడలేదా, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) దగ్గర హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ "నో" అనే చూపిస్తోందా? అయితే వేడికి ఇందులో పాత్ర లేదు.

సాక్ష్యం కావాలంటే 2022 మార్చిలో ఏఎండీ స్వయంగా ఒప్పుకున్న ఉదంతం ఉంది. విండోస్ 11 కోసం చాలామంది ఆన్ చేసుకున్న ఎఫ్‌టీపీఎం అనే భద్రతా ఏర్పాటు, మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్‌తో మాట్లాడేటప్పుడు కొన్ని రైజెన్ సిస్టమ్‌లు మొత్తంగా కాసేపు ఆగిపోయేవి. ఐస్‌లో పెట్టినా ఆగేవి! కొత్త బయోస్ (మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్) వేశాకే తగ్గింది. ఆ రోజుల్లో పేస్టులు ఎన్ని అమ్ముడుపోయాయో.

ఈమధ్య ఎక్కువగా కనపడేది షేడర్ కంపైలేషన్, అంటే దృశ్యాలు గీసే చిన్న ప్రోగ్రాములను ఆట మధ్యలోనే మీ కార్డుకి తగ్గట్టు తయారుచేసుకోవడం. అన్‌రియల్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో తయారైన గేముల్లో కొత్త పేలుడో, కొత్త ప్రాంతమో మొదటిసారి తెర మీదికి రాగానే జర్క్, రెండోసారి ఏమీ ఉండదు. ఇది ఆట తయారుచేసినవాళ్ల తప్పు, మీ ఫ్యాన్‌ది కాదు. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద టెక్స్చర్లు అల్ట్రా పెడితే వీర్యామ్ (కార్డులోని మెమరీ) నిండి జర్కులు రావచ్చు, ఒక మెట్టు దించితే తేలిపోతుంది. ర్యామ్ ఒకే స్టిక్ ఉందా, బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకుండా 3200 ర్యామ్ 2133 దగ్గరే నడుస్తోందా అన్నవి కూడా చూడండి. పైసా ఖర్చు లేదు.

సైడ్ ప్యానెల్ తీయడం పరీక్షగా మంచిదే. తీయగానే పది పదిహేను డిగ్రీలు తగ్గితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదని తెలుస్తుంది. అలాగని తీసేసి వదిలేస్తే దుమ్ముకి దారి ఇచ్చినట్టే.

వేడే దోషి అయ్యే సందర్భాలు లేకపోలేదు. ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లు, వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీద హీట్‌సింక్, అంటే వేడి లాగే లోహపు దిమ్మ, లేకుండా వచ్చే చవక మదర్‌బోర్డుల మీద పెట్టిన పెద్ద ప్రాసెసర్లు. వీటిలో క్లాక్ ఒక్కసారిగా బాగా కిందికి పడిపోవడం గ్రాఫ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అలా కనిపిస్తే ఫిల్టర్లు, ఫ్యాన్లు దులపండి, గాలి దారి సరిచేయండి, అప్పటికీ తగ్గకపోతే పేస్ట్ మార్చండి. గ్రాఫ్‌లో అది లేకపోతే స్క్రూడ్రైవర్ జోలికి వెళ్లొద్దు.