జీరో టికెట్ ఖరీదెంత?

చిన్నాన్న ఆర్టీసీలో 30 ఏళ్ళు కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా అక్క కవిత కోఠిలో చీరల షాపులో పని చేస్తుంది. ఆదివారం హైదరాబాద్ హయత్‌నగర్‌లో మా ఇంట్లో ఇద్దరికీ వాదన పడింది. సిటీ బస్సు అందరికీ ఫ్రీ చేయాలా, వద్దా? టీ పోస్తూ విన్నది రాస్తున్నా.

చిన్నాన్న: 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు జీరో టికెట్, పైసా కట్టక్కర్లేదు. కాదనను. కానీ పొద్దున దిల్‌సుఖ్‌నగర్ స్టాప్‌లో చూడు, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతున్నారు. మగవాళ్ళకూ ఫ్రీ అంటే ఇంకేమన్నా ఉందా?

కవిత: నాకు రానూపోనూ రోజుకు 50 అయ్యేది. 26 రోజులకు 1,300. నెలాఖరులో కోఠి నుంచి చాదర్‌ఘాట్ దాకా నడిచొచ్చి ఎక్కేదాన్ని, కొంచెమైనా తగ్గుతుందని.

చిన్నాన్న: పాస్ తీసుకోకపోయావా?

కవిత: పాస్‌కు ఒకేసారి కట్టాలి చిన్నాన్నా. ఒకటో తారీఖు జీతం ఐదో తారీఖుకల్లా అద్దెకూ పాలకూ అయిపోయేది.

(ఇది నాకూ తెలియదు. ఒకే ఇంట్లో పెరిగాం.)

చిన్నాన్న: నువ్వు కట్టకపోయినా ఆ ఛార్జీ సర్కారు ఆర్టీసీకి కట్టాల్సిందే కదా. అది ఆలస్యమైతే డిపోలో ముందు ఆగేది స్పేర్ పార్టులే.

కవిత: లక్సెంబర్గ్‌లో 2020 నుంచి దేశమంతా ఫ్రీ అట.

చిన్నాన్న: దాని జనాభా ఏడు లక్షలు కూడా లేదు. అక్కడ టికెట్ల మీద వచ్చేది నడిపే ఖర్చులో పదో వంతు కూడా కాదు, వదులుకున్నా నొప్పి తెలియలేదు. అయినా రైల్లో ఫస్ట్ క్లాస్‌కు ఇప్పటికీ టికెట్టే. మన ఆర్టీసీకి టికెట్టే ఊపిరి.

కవిత: మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్ వే ఉంది, పదకొండు కిలోమీటర్ల పైనే. బైకునూ ఆటోనూ ఎక్కనివ్వరు. కారులో పోయేవాణ్ని ఎవరైనా పైసా అడిగారా? ఆయనకు ఫ్రీ అయితే అభివృద్ధి, నాకు ఫ్రీ అయితే దండగ!

(చిన్నాన్న టీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. దెబ్బ తగిలిందనే అనుకున్నా.)

చిన్నాన్న: రోడ్డుకు రోజూ డీజిల్ పోయక్కర్లేదు. ఉన్న డబ్బుతో బస్సులు కొనమంటా. బైకువాడు టికెట్‌కు భయపడి బస్సు మానలేదు, స్టాప్‌లో నిలబడలేక మానాడు. ఐదు నిమిషాలకో బస్సొస్తే డబ్బులిచ్చే ఎక్కుతాడు.

కవిత: బైకున్నవాడి సంగతి సరే. మా షాపులో మూటలు మోసే అతనికీ నా జీతమే. ఒకే బస్సులో వస్తాం. నాది జీరో, అతను చిల్లర వెతుక్కుంటాడు.

చిన్నాన్న: మరి గిరాకీ పోయిన ఆటోవాళ్ళు?

కవిత: వాళ్ళకు వేరే సాయం చేయాలి. అందుకోసం నన్ను టికెట్ కొనమంటే ఎట్లా?

చిన్నాన్న: ఫ్రీ అయ్యేసరికి ఒక్క స్టాప్‌కు కూడా ఎక్కుతున్నారమ్మా.

కవిత: మీ జేబులో పాస్‌కు ఎంత కట్టారు?

చిన్నాన్న: అది 30 ఏళ్ళ సర్వీసుకు ఇచ్చింది!

కవిత: మా షాపులో సేల్స్ వాళ్ళకు స్టూల్ కూడా ఉండదు. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటాం. ఒక్క స్టాప్‌కు ఎందుకు ఎక్కుతున్నారో ఇంకోసారి వాళ్ళనే అడగండి.