ఎన్‌క్రిప్షన్‌ని అమెరికా సరిహద్దులోనే ఆపేసిందన్న మాట తప్పు

మన మెసేజీలు, పాస్‌వర్డ్‌లు వేరేవాళ్లు చదవకుండా రహస్య లిపిలోకి మార్చడమే ఎన్‌క్రిప్షన్. దాని గురించి ఈమధ్య తెగ ఫార్వర్డ్ అవుతున్న మాట ఇది: "1990ల్లో అమెరికా ఎన్‌క్రిప్షన్ కోడ్‌ని దేశం దాటనివ్వలేదు, నెట్‌లో పెట్టినాయన్ని జైల్లో వేసింది, అందుకే ఆ దేశం భద్రంగా ఉంది. ఇప్పుడూ ఇలాంటి సమాచారం పంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి."

జైలు సంగతి ముందు తేల్చేద్దాం. ఫిల్ జిమ్మర్‌మన్ రాసిన పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్ 1991లో నెట్ ద్వారా బయటి దేశాలకు చేరింది. అప్పట్లో ఎన్‌క్రిప్షన్‌ని కూడా ఆయుధంగానే లెక్కేసేవారు కాబట్టి ఆయుధాల ఎగుమతి నిబంధనల కింద ఆయన మీద మూడేళ్లు దర్యాప్తు నడిపారు, కానీ 1996 జనవరిలో ఏ అభియోగమూ మోపకుండానే మూసేశారు.

దేశం దాటలేదా? ఫిల్ కార్న్ అనే ఇంజినీరు అడిగితే, పుస్తకంలో అచ్చయిన కోడ్‌ని ఎక్కడికైనా పంపుకోవచ్చు, అదే కోడ్ ఫ్లాపీలో ఉంటే మాత్రం లైసెన్సు కావాలి అని ప్రభుత్వమే చెప్పింది. దాంతో పీజీపీ కోడ్‌ని ఏకంగా పుస్తకాలుగా అచ్చేశారు, 1997లో వాటిని యూరప్‌లో పేజీ తర్వాత పేజీ స్కాన్ చేసి మళ్లీ ప్రోగ్రామ్‌గా మార్చుకున్నారు. అంత కష్టపడినవాళ్లని ఏ రూలు ఆపుతుంది?

ఆగిపోయింది మామూలు జనం. ఎన్‌క్రిప్షన్ తాళం లాంటిదైతే దాని కీలో బిట్లు ఎన్ని ఎక్కువుంటే అంత గట్టిది. నెట్‌స్కేప్ బ్రౌజర్ అమెరికాలో 128 బిట్ల కీతో, బయటివాళ్లకి 40 బిట్ల కీతో వచ్చేది. 1995లో ఫ్రాన్స్‌లో ఒకాయన అలాంటి 40 బిట్ల కీని 8 రోజుల్లో విరగ్గొట్టి చూపించాడు. మనలాంటి దేశాల వాళ్లకి దక్కిన భద్రత అంతే!

లైసెన్సు మాటకొస్తే, బెర్న్‌స్టైన్ అనే బర్క్‌లీ విద్యార్థి తన ఎన్‌క్రిప్షన్ కోడ్ ప్రచురించడానికి లైసెన్సు ఎందుకని కోర్టుకెళితే, సోర్స్ కోడ్ కూడా భావప్రకటనే అని జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ 1996లో తేల్చారు, 2000లో ప్రభుత్వమే రూల్స్ బాగా సడలించింది. అయినా నియంత్రణ జాబితాలో ఉన్న టెక్నాలజీని అమెరికాలోనే పక్క సీటులోని విదేశీయుడికి చూపించినా ఇప్పటికీ ఎగుమతి కిందే లెక్క, హెచ్1బీ దరఖాస్తులో కంపెనీ దాని మీద ప్రత్యేకంగా హామీ ఇవ్వాలి. అక్కడ పనిచేసే మన పిల్లలకి ఇది తెలిసిన సంగతే, ఇంకా లైసెన్సులు కావాలని అడిగేవాళ్లు ఒకసారి వాళ్లతో మాట్లాడండి.

ఇక అమెరికా భద్రంగా ఉందన్న మాట. ఎగుమతి కోసం పెట్టిన ఆ బలహీనమైన కీల ఏర్పాటుని చాలా సర్వర్లలోంచి ఎవరూ తీసేయలేదు. 2015లో ఫ్రీక్ అనే లోపం బయటపడినప్పుడు, సుమారు 100 డాలర్ల అద్దె కంప్యూటర్లతో కొన్ని గంటల్లోనే అలాంటి 512 బిట్ల కీని ఛేదించారు (ఇది పైన చెప్పిన 40, 128 బిట్ల కీల కంటే వేరే రకం, ఈ రకంలో 512 బిట్లంటే బలహీనమే). పరిశోధకులు ఆ దాడి చేసి చూపించిన సైటు ఏ చిన్న కంపెనీదో కాదు, ఆ ఆంక్షల కోసం పట్టుబట్టిన అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏది.