ఓడను ఫైలుగా మార్చే విద్య

పాతబడిన ఓడను ఏం చేయాలో తోచక ప్రపంచం చాలా తంటాలు పడింది. అమెరికా వాళ్లు క్వీన్ మేరీ అనే పాత ప్రయాణికుల ఓడను తెచ్చి లాంగ్‌బీచ్‌లో హోటల్ చేసుకున్నారు. సోవియట్ల యుద్ధనౌక కీవ్‌ని చైనా వాళ్లు తియాంజిన్‌లో కట్టేసి అందులో గదులు అద్దెకిచ్చారు. మనం మాత్రం ఇంకెవరికీ చేతకాని విద్య ఒకటి కనిపెట్టాం: ఓడను ఫైలుగా మార్చడం. ఫైలు తుప్పు పట్టదు, సముద్రం కూడా అక్కర్లేదు, బీరువా ఉంటే చాలు. ఇంత గొప్ప విద్యకి రావాల్సిన పేరు రాలేదనే నా బాధంతా.

మన విమానవాహక యుద్ధనౌక విరాట్‌నే తీసుకోండి. పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని బారో రేవు. 1944లో పని మొదలైనప్పుడు అనుకున్న పేరు ఎలిఫెంట్, తర్వాత హెర్మిస్ అని మార్చారు. 1959లో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది మొదలు వాళ్లు దాన్ని ఒక్క పని మీద కుదురుగా ఉండనిస్తే ఒట్టు. యుద్ధ విమానాలు మోస్తున్నదాన్ని 70ల మొదట్లో కమాండోలను మోసేదిగా మార్చారు, అది అలవాటయ్యేలోపు జలాంతర్గాముల వేటకి పెట్టారు, మళ్లీ 80ల మొదట్లో సీ హ్యారియర్ విమానాలు కాస్త దూరం పరుగెత్తి గాల్లోకి లేచేలా డెక్ ముందు భాగాన్ని 12 డిగ్రీల వాలుతో పైకి లేపారు. ఆ వాలు పుణ్యమా అని 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో అదే వాళ్ల ఫ్లాగ్‌షిప్, అంటే దళాన్ని నడిపించే ఓడ అయింది. చూశారా వాళ్ల అమాయకత్వం, అనుకున్నవన్నీ చేసేశారు! అన్నీ చేసేస్తే ఇక ప్రకటించడానికి ఏం మిగులుతుందండీ?

1987 మే 12న విరాట్‌గా మన నౌకాదళంలోకి వచ్చి, 2017 మార్చి 6న రిటైరయింది. అసలు కెరీర్ అప్పుడే మొదలైంది. విశాఖకి తెచ్చి మ్యూజియం, హోటల్, కన్వెన్షన్ సెంటర్ అన్నీ అందులోనే పెట్టేస్తామని మన ఆంధ్ర ప్రభుత్వం ముందే కర్చీఫ్ వేసింది. పేపర్లో ఆ వార్త చదివి ఓడ మీద పెళ్లి రిసెప్షన్ ఊహించుకున్నవాళ్లు నాకు తెలుసు. ఖర్చెవరిది అనే దగ్గర అందరూ నీళ్లు నమిలారు. తర్వాత 2018లో మహారాష్ట్ర మంత్రివర్గం రంగంలోకి దిగి, సింధుదుర్గ్ దగ్గర సముద్రంలో నిలబెట్టి మ్యూజియం, స్కూబా డైవింగ్, సాహస క్రీడలు పెడతామంటూ 852 కోట్ల ప్రాజెక్టుకి ఆమోదం తెలిపింది. 2019లో కేంద్రం పార్లమెంటులో తేల్చి చెప్పింది, తన ఖర్చు తానే సంపాదించుకోగల ప్రతిపాదన ఒక్కటీ రాలేదు కాబట్టి తుక్కుకే అమ్ముతున్నామని. 2020 వేలంలో 38.54 కోట్లకి పోయింది.

ఈ లెక్క ఒక్కసారి నిదానంగా చూడండి. ఇనుముతో చేసిన ఓడ 38.54 కోట్లు, కాగితంతో చేసిన ఓడ 852 కోట్లు, అంటే సుమారు 22 రెట్లు ఎక్కువ. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అన్న పెద్దలు మన ప్రాజెక్టు రిపోర్టులు చూడలేదు పాపం. పైగా ఇనుప ఓడకి డ్రై డాక్ కావాలి, రంగులు కావాలి, అడుగున చేరిన నీళ్లు తోడాలి. కాగితం ఓడకి ఏడాదికోసారి రివ్యూ మీటింగ్, అందులో టీ, బిస్కెట్లు.

ఇందులో చైనా వాళ్ల పద్ధతి మరీ విడ్డూరం. వాళ్లు వర్యాగ్ అనే సగం కట్టిన యుద్ధనౌకను 1998లో ఉక్రెయిన్ నుంచి కొన్నప్పుడు, మకావులో తేలే కాసినో చేసుకుంటామని చెప్పారు. 2012లో చూస్తే అది లియావోనింగ్ అనే విమానవాహక నౌకై కూర్చుంది. కాసినో అని చెప్పి యుద్ధనౌక చేశారు, మాట మీద నిలబడని మనుషులు. మనం అలా కాదు, నిఖార్సైన యుద్ధనౌకను పట్టుకుని హోటల్ అన్నాం, రెండూ లేకుండా చేశాం.

విరాట్ 2020 సెప్టెంబరు 28న గుజరాత్‌లో ఓడలను తుక్కు చేసే అలంగ్ ఒడ్డుకెక్కింది. ముంబై సంస్థ ఒకటి మ్యూజియం చేస్తాను నాకిచ్చెయ్యండంటూ సుప్రీంకోర్టుకి వెళ్లి స్టే కూడా తెచ్చుకుంది కానీ, 2021 ఏప్రిల్‌లో విచారణకొచ్చేసరికి 40 శాతం ఓడను కోసేశారు. మిగిలిన 60 శాతంతో ఏం చేస్తారు, మినీ హోటలా?

విశాఖ వాళ్ల బెంగ సముద్రుడికి అర్థమైనట్టుంది. విరాట్ అలంగ్ చేరిన సరిగ్గా 15 రోజులకి, అక్టోబరు 13న, వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘మా’ లంగరు ఆగక వచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదకెక్కింది. టెండరు లేదు, కమిటీ లేదు, రవాణా ఖర్చు లేదు, ఫ్రీ హోమ్ డెలివరీ. కొన్నాళ్లకే ప్రకటన వచ్చింది, దాన్ని రెస్టారెంటుగా మారుస్తామని! సెల్ఫీలు బోలెడు, ఇడ్లీ ప్లేటు మాత్రం ఒక్కటీ రాలేదు. ఓడ కళ్లెదుట ఉన్నా, దూరంగా ఉన్నా ఫైలు ఒకేలా నడుస్తుందని ఇంతకన్నా రుజువు కావాలా?

నా సిద్ధాంతానికి ఒక్కటే అడ్డు, కురుసుర. సోవియట్లు కట్టిచ్చిన ఈ మన నౌకాదళ జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో రిటైరైతే, 2002 ఆగస్టుకల్లా ఆర్కే బీచ్‌లో ఇసుక మీదకి లాక్కొచ్చి మ్యూజియం చేసిపారేశారు. టికెట్ కొని లోపలికి వెళ్తే గుండ్రటి కంతల్లోంచి నడుం వంచి దూరాలి, టార్పెడోల పక్కనే నావికులు పడుకున్న పరుపులు చూడాలి, చుట్టూ పైపులు, మీటర్లు, చక్రాలు, పొడుగు మనిషైతే నుదుటికి తగలకుండా బయటికి రాడు. మాజీ నావికులే వివరంగా చెప్తారు. ఇరవయ్యేళ్లు దాటినా జనం క్యూలో నిలబడుతున్నారు. ఇలాంటి పనులు అధికారులకి ఎంత చెడ్డ పేరు తెస్తాయో! ఒకటి చేసి చూపిస్తే రెండోది కూడా అడుగుతారు కదా.

మన పాత విమానవాహక నౌక విక్రాంత్ సంగతి ఎక్కువ చెప్పను. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి, నడపడానికి డబ్బుల్లేక 2014లో తుక్కుకి పోయి, 2016లో ఆ లోహం కలిసిన మోటారు సైకిళ్లుగా మార్కెట్లోకి దిగింది. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఏ ఓడను వెతుక్కుంటూ వచ్చి విశాఖ దగ్గర మునిగిందో, ఆ ఓడ ఇప్పుడు ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర మీ పక్కనే హారన్ కొడుతుండొచ్చు.

ఇక పాతవాటిలో మిగిలింది విక్రమాదిత్య. రష్యా వాళ్ల పాత యుద్ధనౌక గోర్ష్‌కోవ్‌ని విమానవాహక నౌకగా మార్పించి తెచ్చుకున్నదే ఇది, 974 మిలియన్ డాలర్లకి ఒప్పందమైతే చివరికి 2.3 బిలియన్లు దాటింది. 2013లో చేరింది, ఇంకా సర్వీసులోనే ఉంది కాబట్టి ఇదే అదను. దీని మ్యూజియం కమిటీని ఇప్పుడే వేసెయ్యాలి, తీరం ఉన్న ప్రతి రాష్ట్రంలో ఒక్కో శంకుస్థాపన చేసెయ్యాలి. విశాఖకి వేసే శిలాఫలకంలో తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంచండి, ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త రాయి కొనే ఖర్చు తప్పుతుంది.