ప్రకృతి ఒడిలోకి లైసెన్స్ తప్పనిసరి

ప్రకృతిని ప్రేమించాలంటే ముందు కార్డు నంబరు కొట్టాలి. అమెరికాలోని యూటా రాష్ట్రంలో పన్నెండేళ్ళు నిండినవాళ్ళెవరైనా సరే, లైసెన్స్ లేకుండా గాలం వేయకూడదు. సబబైన నిబంధనే. ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఒళ్ళో కూర్చుంటానంటే ఏ తల్లి ఊరుకుంటుంది, ప్రకృతిమాత అయినా సరే?

ఈ సంగతి ఇంత గట్టిగా రాయాల్సి రావడానికి మా మామగారు కారణం. ఆయనది ఆకివీడు. ఊహ తెలిసినప్పట్నుంచీ చేపల చెరువుల గట్ల మీద తిరిగిన మనిషి. ఈ శీతాకాలం కూతురింటికని సాల్ట్ లేక్ సిటీ వైపు వచ్చారు. ఇంటిల్లిపాదీ, స్నేహితుల కుటుంబాలతో సహా, గడ్డకట్టిన స్ట్రాబెర్రీ రిజర్వాయర్ మీద కొకనీ సాల్మన్ అనే చేపల్ని పట్టడానికి బయల్దేరి ఆయన్ని కూడా తీసుకెళ్ళాం. అక్కడ ఆయన కొన్ని ప్రశ్నలు అడిగారు. అడిగి ఊరుకోకుండా వాటిని కుటుంబం వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లుగా పెట్టారు. ఆకివీడు నుంచి భీమవరం దాకా ఉన్న బంధువర్గం వాటికి పడీ పడీ నవ్వే బొమ్మలు పెడుతోంది. కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

ముందు ఆ జలాశయం సంగతి. సముద్రమట్టానికి దాదాపు 7,600 అడుగుల ఎత్తున, చుట్టూ కొండలు, మధ్యలో తెల్లటి మంచు. చూడగానే ఇక్కడ ఏ మహర్షో తపస్సు చేసే ఉంటాడనిపిస్తుంది. నిజానికి అక్కడ ముందుగా వచ్చింది నీటిపారుదల ఇంజనీర్లు. గత శతాబ్దం తొలినాళ్ళలో పొలాలకి నీళ్ళు మళ్ళించడానికి ఆనకట్ట కట్టారు, 1970లలో ఇంకోటి కట్టి జలాశయాన్ని బాగా పెంచారు. అందులో యూటా చబ్, యూటా సక్కర్ అనే రెండు అక్కర్లేని జాతులు తామరతంపరగా పెరిగి, ట్రౌట్ చేపల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాయని 1990లో వన్యప్రాణి శాఖవాళ్ళు జలాశయం మొత్తానికి రోటెనోన్ కొట్టారు. కొన్ని మొక్కల వేళ్ళ నుంచి తీసే మందు అది. చేపకి ఊపిరాడనివ్వదు. అప్పటికి అంత పెద్ద ఎత్తున ఆ మందు కొట్టింది అక్కడేనని చెప్పుకుంటారు. అంతా సద్దుమణిగాక చేపపిల్లల్ని పుట్టించే హేచరీల నుంచి కట్‌త్రోట్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్, కొకనీ పిల్లల్ని తెచ్చి వదిలారు. త్రిమూర్తులు ముగ్గురూ ఒకే ఆఫీసులో కూర్చుని, లయ కార్యక్రమం ముందు ముగించి, సృష్టి ఆ తర్వాత మొదలుపెట్టారన్నమాట.

ఇదంతా కారులో, డేనియల్స్ లోయ ఎక్కుతుండగా, నేను భక్తిగా వివరించాను. మామగారు శ్రద్ధగా విన్నారు.

"అంటే చెరువు తయారుచేశారన్నమాట. మేమూ అంతే కదండీ అల్లుడుగారూ. కలుపు చేపకి మందు కొడతాం, పిల్ల వదుల్తాం, ఎదిగాక పట్టుబడి చేస్తాం. కాకపోతే మేం దాన్ని చెరువంటాం, మీరు ప్రకృతంటున్నారు."

ఇది తొందరపాటు మాట. రెంటికీ చాలా తేడా ఉంది. చెరువులో చేపని లాభం కోసం పెంచుతారు. ఇక్కడ లాభం అన్న ఆలోచనే లేదు. లైసెన్స్, మంచుకి కన్నం పెట్టే ఆగర్, మడిచి విప్పుకునే టెంటు, గ్యాస్ హీటరు, నీళ్ళ కింద చేపని చూపించే సోనార్, వీటన్నిటినీ లాక్కెళ్ళే స్లెడ్జి, ఇవన్నీ కొన్నాక ఒక్కో చేప ఎంత పడిందో లెక్క వేయడం మా ఇంట్లో నిషేధం. లాభం వస్తే వ్యవసాయం, నష్టం వస్తే ప్రకృతి అని మామగారికి విడమరిచి చెప్పాను.

"నష్టమే ప్రకృతైతే మా ఊళ్ళో రొయ్యల రైతులంతా మహర్షులేనండీ" అన్నారాయన. గ్రూపులో ఎక్కువ బొమ్మలు పడింది ఈ మాటకే.

ఇక చేప. కొకనీ అంటే వేరే ఏదో జాతి కాదు, సముద్రానికి పోయి పెరిగే సాకై సాల్మనే. కాకపోతే జన్మలో సముద్రం మొహం చూడదు. మంచినీళ్ళలోనే పుట్టి, అందులోనే పెరిగి, మూడు నాలుగేళ్ళకి ఒళ్ళంతా ఎర్రబడి, మగవాటికైతే మూతి కూడా వంకర తిరిగి, ఒక్కసారి గుడ్లు పెట్టే కార్యక్రమం చూసుకుని చచ్చిపోతుంది. మామూలుగా దొరికేది అడుగు, అడుగున్నర. 2010లో ఆరెగాన్‌లోని వల్లోవా సరస్సులో దొరికిన రికార్డు చేపే నాలుగున్నర కిలోలకి కొంచెం తక్కువ. సముద్రానికి పోని సాల్మన్ అనగానే మామగారి మొహంలో జాలి కనిపించింది. గోదారి మనిషి కదా. సముద్రం నుంచి వరదనీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వస్తేనే పులసకి ఆ రుచి అని ఆయన నమ్మకం. "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, దీనికోసం ఏమమ్మాలండీ?" అని అడిగారు. మా ఆవిడ నావైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

ఈ చేప కోసం ప్రభుత్వాలు ఎంత తపన పడ్డాయో తెలియకే జనం ఇలా తేలిగ్గా మాట్లాడతారు. మోంటానాలో ఫ్లాట్‌హెడ్ సరస్సు ఉంది. అక్కడ కొకనీలని 1916లో వదిలారు, హాయిగా స్థిరపడ్డాయి. అయినా వాటికి ఇంకాస్త మంచి తిండి పెడదామని అధికారులకి అనిపించింది. అంతకుముందు, 1949లో, కెనడాలోని కూట్నీ సరస్సులో మైసిస్ అనే చిట్టి రొయ్యల్ని వదిలితే ఒకచోట కొకనీలు బాగా బలిశాయి. ఆ ఒక్కచోట నీళ్ళు రొయ్యల్ని పైకి తోసేవి కాబట్టి చేపకి అందేవి. ఈ చిన్న సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఊళ్ళో పనిచేసిన పథకం ఇంకో ఊళ్ళో ఎందుకు పనిచేయదన్న సద్బుద్ధితో 1968 నుంచి 1975 దాకా ఫ్లాట్‌హెడ్‌కి ఎగువనున్న సరస్సుల్లో రొయ్యలు వదిలారు. అవి కిందికి కొట్టుకొచ్చి 1981 నాటికి ఫ్లాట్‌హెడ్‌లో తేలాయి.

ఇప్పుడు ఆ రొయ్య దినచర్య చూడండి. పగలు సరస్సు అడుగున పడుకుంటుంది. చీకటి పడ్డాక పైకొచ్చి, కొకనీలు తినాల్సిన సన్నటి నీటిపురుగుల్ని తినేసి, తెల్లారేలోపు మళ్ళీ అడుక్కి చేరుతుంది. కొకనీలు మేసేది పగలు. మేతగా వేసిన రొయ్య చేపకి చిక్కలేదు సరికదా, చేప మేతే తనే తినేసింది. గుడ్లు పెట్టడానికి గ్లేసియర్ నేషనల్ పార్కులోని మెక్‌డోనాల్డ్ వాగుకి ఒకప్పుడు లక్షకి పైగా వచ్చే కొకనీలు 1989 నాటికి యాభైకి పడిపోయాయి. వాటిని తినడానికి 1981లో 600కి పైగా వచ్చి వాలిన బట్టతల గద్దలు 1989లో పాతిక కనిపించాయి. చేపని బాగా చూసుకోబోయి గద్దల్ని కూడా ఖాళీ చేయించిన శాఖ ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా? ఇలాంటి దేశంలో లైసెన్స్ ఫీజు కట్టడం నేను గౌరవంగా భావిస్తాను.

తెల్లవారుజామునే వెళ్ళాలి. వెలుగు రేఖలు పడే వేళకే కొకనీలు బాగా కదుల్తాయని మా బావమరిది సిద్ధాంతం. అతని సిద్ధాంతాలన్నీ మిగతావాళ్ళు నిద్రపోతున్న టైములోనే పనిచేస్తాయి. అందర్నీ గట్టు మీద నిలబెట్టి, ముందు తనే నడిచి, అక్కడక్కడా చిన్న కన్నాలు పెట్టి మంచు మందం కొలిచాడు. గట్టి మంచు నాలుగంగుళాలుంటే మనిషి నడవొచ్చని రూలు. కారు ఎక్కాలంటే దానికి రెట్టింపు పైమాటే. మామగారు గట్టు దిగలేదు. "నాలుగంగుళాలు చాలని ఎవరు చెప్పార్రా? మూడంగుళాల మీద నడిచినవాళ్ళు పైకొచ్చి చెప్పారా?" అన్నారు. చివరికి అత్తగారు ఆయన్ని దాటుకుని ముందుకి నడిచేసరికి పౌరుషానికి దిగారు.

ఎర గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ క్రీడలో నిజమైన నైపుణ్యం అక్కడే ఉంది. కొకనీ తినేది డాఫ్నియా లాంటి నీటిపురుగుల్ని, కంటికి సరిగ్గా ఆననంత సైజువి. వాటిని గాలానికి గుచ్చడం ఎవరి తరమూ కాదు. అందుకని సన్నటి తెల్ల మొక్కజొన్న గింజల డబ్బా కొంటారు. గింజలకి గులాబీ రంగు పట్టిస్తారు. ఆపైన వెల్లుల్లి నూనెలో రాత్రంతా ఊరబెడతారు. యూటాలో చాలాకాలం మొక్కజొన్నని ఎరగా వాడటం నేరం. ఇప్పుడు చట్టబద్ధం. బావమరిది ఫ్రిజ్‌లో పెట్టిన ఆ డబ్బాని ముందురోజు రాత్రి మా అత్తగారు తీసి, ఏదో కొత్తరకం ఊరగాయ అనుకుని ఓ గింజ నోట్లో వేసుకున్నారు. "కాస్త కారం పడాలి" అని మూత పెట్టేశారు. అమెరికాలో ఆవిడకి దాదాపుగా నచ్చిన మొదటి వంటకం అదే.

నీటిపురుగులు తినే చేప వెల్లుల్లి మొక్కజొన్న ఎందుకు తింటుంది? నిజానికి తినదు. విసుక్కుంటుంది. కళ్ళ ముందు గులాబీ రంగుదేదో తళతళలాడుతూ ఎగిరెగిరి పడుతుంటే చిరాకేసి కరుస్తుందని అనుభవజ్ఞులంటారు. ఒక నోరులేని జీవిని ఓపిగ్గా రెచ్చగొట్టి, అది సహనం కోల్పోయిన క్షణంలో పైకి లాగడమే ఈ క్రీడ.

టెంటులో దృశ్యం ఇదీ. మంచులో గుండ్రటి కన్నం, దాంట్లో నల్లటి నీళ్ళు. పది నిమిషాలు వదిలేస్తే పైన పల్చటి మంచు పొర కడుతుంది. దాన్ని తీయడానికి ప్రత్యేకమైన చిల్లుల గరిటె ఉంది, అచ్చం బూందీ దూసేదే. కన్నం చుట్టూ ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఒక చిన్న తెర వంక రెప్పవేయకుండా చూస్తూ కూర్చున్నారు. వారమంతా చేసేదీ అదే కాబట్టి వాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించలేదు. తెర మీద అడుగున నేల ఒక మందపాటి గీత, మధ్యలో మన గాలం ఒక సన్న గీత. గంటల తరబడి అంతే. ఉన్నట్టుండి ముప్పై అడుగుల లోతున గీతలు చిందరవందరగా మెరిశాయి. గుంపు వచ్చింది! అప్పటికి ఒకరి చేతిలో ఫ్లాస్కు మూత, ఇంకొకరి చేతిలో పులిహోర డబ్బా. బావమరిది గాలపు కర్ర కొస సన్నగా రెండుసార్లు వణికి, కిందికి వంగింది. "బావా, లాగకు! లాగకు!" అని నా మీద అరిచాడు. కర్ర అతని చేతిలోనే ఉంది, అది వేరే విషయం. కొకనీ మూతి కాగితమంత మెత్తన. గట్టిగా లాగితే చిరిగి, గాలం ఒక్కటే పైకొస్తుంది. అందుకే కర్ర మెత్తగా ఊగేది వాడతారు, కొందరైతే దారానికి రబ్బరు ముక్క కూడా కడతారు. నెమ్మదిగా, అల్లుణ్ణి పండక్కి పిలిచినంత మర్యాదగా పైకి తెచ్చాడు. కన్నం అంచు దాకా వచ్చి, వెండిరంగు ఒళ్ళు ఒకసారి తళుక్కుమనిపించి, మూతి విదిలించుకుని వెళ్ళిపోయింది. రెండు నిమిషాల్లో గుంపూ పోయింది. తెర మీద మళ్ళీ రెండు గీతలు.

"మావాళ్ళయితే వల వేసేవాళ్ళు" అన్నారు మామగారు.

ఆ తర్వాత పడింది కట్‌త్రోట్. దవడ కింద ఎర్రటి చార, ఒళ్ళంతా చుక్కలు, కర్ర విరుగుతుందేమో అన్నంత బరువు. మామగారు మొదటిసారి లేచి నిలబడ్డారు. బావమరిది టేపు తీసి కొలిచాడు. పంతొమ్మిది అంగుళాలు. స్ట్రాబెర్రీలో 15 నుంచి 22 అంగుళాల మధ్య ఉన్న కట్‌త్రోట్‌ని వదిలేయాలి. వదిలేశాడు. మామగారు అలాగే నిలబడి కన్నం లోపలికి చూస్తుండిపోయారు. ఆ మొహం చూడలేక కారణం చెప్పాను. మందు కొట్టినా చబ్ చేపలు మళ్ళీ వచ్చాయి, పెద్ద కట్‌త్రోట్‌లు వాటిని తిని అదుపులో పెడతాయని శాఖవాళ్ళ ఏర్పాటు. "అది చేప కాదు మామయ్యగారూ, గవర్నమెంటు ఉద్యోగి. డ్యూటీలో ఉంది."

"అందుకేనా అంతసేపు లాగినా కదల్లేదు" అన్నారు.

మధ్యాహ్నానికి అందరి పట్టుబడీ కలిపితే, ఉల్లిపాయలు కాస్త ఎక్కువ వేసుకుంటే ఒక పులుసుకి సరిపోయింది. మనిషికి ట్రౌటూ కొకనీ కలిపి నాలుగే తీసుకోవాలన్న నిబంధన మాకు ఏ రకంగానూ అడ్డు రాలేదు. ఇంట్లో అత్తగారు ముక్కలు కోస్తూ ఆ నారింజ రంగు చూసి రంగు కలిపారని అనుమానపడ్డారు. తిన్న నీటిపురుగుల వల్ల వచ్చే రంగని చెప్తే నమ్మలేదు. మొక్కజొన్నకి రంగేసినవాళ్ళు చేపకి వేయరా అన్నారు.

రాత్రి మామగారిని ఎలాగైనా ఒప్పించాలని శాఖవాళ్ళ వెబ్‌సైట్ తెరిచి చూపించాను. ఏ తేదీన ఏ జలాశయంలో ఏ జాతి పిల్లల్ని ఎన్ని వదిలారో, సగటున ఎన్ని అంగుళాలున్నాయో అన్నీ అందులో ఉంటాయి. ఇంత పారదర్శకమైన ప్రకృతి ఇంకెక్కడుంది? ఆయన కళ్ళజోడు పెట్టుకుని పట్టిక మొత్తం చదివారు. మొదటిసారిగా ఎగతాళి లేకుండా, ఒక వృత్తినిపుణుడు ఇంకొకణ్ణి అడిగినట్టు అడిగారు.

"విస్తీర్ణం ఎంతుంటుందండీ?"

"నిండితే దాదాపు పదిహేడు వేల ఎకరాలు."

"మేత ఎవరేస్తారు?"

"ఎవరూ వేయరు. నీళ్ళలో దొరికిందే తింటాయి."

"నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు? కరెంటు?"

"లేవు."

ఆయన ఇంకేం మాట్లాడలేదు. బాల్కనీలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఫోన్‌లో చాలాసేపు మెల్లగా మాట్లాడారు. నా వాదన గెలిచిందనే అనుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి గ్రూపులో నవ్వే బొమ్మలు ఆగిపోయాయి. వాటి స్థానంలో ఆకివీడు నుంచి ఒకటే ప్రశ్న, నలుగురైదుగురు వేర్వేరుగా అడిగింది: ఎకరం లీజు ఎంత, అడ్వాన్సు ఎంతివ్వాలి?